పర వెన్న

మూడు రోజుల ముసురు వెలిసిన జులై పొద్దున
పెరటి మొద్దు మీద ఎవరో వెన్న పారబోశారు.

పసుపు. గుడ్డు సొన పసుపు కాదు,
రోడ్డు పనివాళ్ళ చొక్కా పసుపు,
కళ్ళు చికిలించాల్సినంత.
అరచేతి వెడల్పు. అంచులంతా నురగ.
పుల్లతో పొడవబోయి ఆగాను.
ముప్పయ్యేళ్ళు దేని ముందూ ఆగినవాణ్ణి కాదు.

కుహ్మో అడవుల్లో కోత యంత్రం తోలాను.
చెట్టును పట్టి, కోసి, కొమ్మలు దువ్వి,
ముక్కలు చేసి పడేయడానికి నలభై సెకన్లు.
అడవి నాకు ఘనపు మీటర్లలో వచ్చేది,
జీతం చీటీ మీద అంకెలా.
చెట్టు మొదట్లో ఏముంటుందో
అద్దాల గదిలోంచి కనపడదు.
హీటరుండేది. రేడియో ఉండేది.

సాయంత్రానికి అది మొద్దు అంచుకు చేరింది.
టేపు తెచ్చి కొలిచాను, అలవాటు.
నాలుగు సెంటీమీటర్లు.
కాళ్ళున్న నేను ఆ రోజు
పొయ్యికీ గుమ్మానికీ మధ్యే తిరిగాను.

పక్కింటి కుర్రాడు ఇల్మో
కంచె మీద గడ్డం ఆనించి పొడుపు కథ వేశాడు:
"కాళ్ళు లేవు, నడుస్తుంది.
నోరు లేదు, మేస్తుంది.
మెదడు లేదు, దారి మరవదు.
చెట్టు కాదు, పుట్ట కాదు, పురుగు కాదు.
విప్పు తాతా!"
విప్పలేకపోయాను.
జిగురు బూజు, అని వాడే విప్పాడు.
తీరా చూస్తే బూజు కూడా కాదట.
ఒకటే కణమట, అరచేయంత కణం,
లోపల వేలవేల కేంద్రకాలు, గోడల్లేని ఇల్లు.
"బడిలో ఓట్స్ పెట్టి పెంచాం," అన్నాడు గర్వంగా.
"మాది చచ్చిపోయింది. సెలవుల్లో ఎవరూ తడపలేదు."

అప్పుడొచ్చింది వాళ్ళమ్మమ్మ హిల్కా,
ఆరేళ్ళుగా నాతో మాట్లాడని మనిషి.
మొద్దును చూస్తూ మొద్దుతోనే అంది:
"పర వెన్న.
మా ముసలమ్మ చెప్పేది. పర అని ఒక పిల్లదయ్యం,
కదురుకు గుడ్డపీలికలు చుట్టి చేస్తారట.
పాకల్లో దూరి పరుల ఆవుల మీగడ తాగొచ్చి
చేసినామె కుండలో కక్కుతుందట.
తాగింది ఎక్కువైతే దారిలోనే, ఇదిగో, ఇలా."
కొంచెం ఆగింది.
"దీన్ని తారు కట్టెల మీద కాలిస్తే
దొంగకు ఒళ్ళు మండి పరిగెత్తుకొస్తుందట.
మొదట వచ్చి నిలబడినవాళ్ళే దొంగ."

ఎవరూ ఏమీ కాల్చలేదు.
ఐనా నేను అప్పటికే వచ్చి నిలబడి ఉన్నాను,
చేతిలో టేపుతో.

ఆ మొద్దు ఒకప్పుడు భూర్జ చెట్టు.
కొమ్మలు నా కప్పు మీదికి వస్తున్నాయని
హిల్కా ఆసుపత్రిలో ఉన్న వారం కోశాను.
నలభై సెకన్లకు కాస్త ఎక్కువే పట్టింది,
చేతి మోటారు రంపం కదా.
అప్పట్నుంచి ఆమె వంటింట్లోకి
పడమటి ఎండ సూటిగా పడుతుంది.
సరిహద్దుకు ఇవతలే ఉందన్నాను, కాగితాలు చూపించాను.
ఈసారి కాగితాలు తేలేదు.

రాత్రి పదకొండింటికి, రాత్రి కాని ఆ రాత్రి,
ఇల్మో భూతద్దం కింద ముగ్గురం వంగి చూశాం.
నరాల్లాంటి కాలువల్లో పసుపు
ముందుకు పారింది, ఆగింది,
వెనక్కి పారింది, ఆగింది,
మళ్ళీ ముందుకు, ఈసారి వెంట్రుకవాసి ఎక్కువ.
వెనక్కి తగ్గడం కూడా
దాని నడకలో ఒక భాగం.
హిల్కా ఊపిరి నా చెవికి వినపడేంత దగ్గర.
ఏమన్నా అందామనుకున్నాను.
"చలేస్తోంది," అన్నాను.
ఆమె "ఊఁ" అంది.

మూడోనాడు అది ఎండి పెచ్చయింది,
పాత సున్నంలా తెల్లగా.
హిల్కా నా పుల్లే తీసుకుని తట్టింది.
లోపల్నుంచి కోకో పొడి లాంటి పొగ లేచి
ఆమె తోటలోకి కొంత, నా కప్పు మీదికి కొంత.

"కాఫీ కలిపాను," అని లోపలికి వెళ్ళింది,
ఎవరితో అన్నదో చెప్పకుండా.
ఇల్మో పరిగెత్తాడు.
కంచె దగ్గర్నుంచి ఆమె గుమ్మానికి పదకొండడుగులు.
నేనెంతసేపటికి చేరానో
ఎవరూ కొలవలేదు.