ఎర్ర పట్టీ

గ్రిమ్స్‌బీ ఆసుపత్రి, ఆరో వార్డు.
ఈనిడ్ హాలమ్ మణికట్టుకి ఎర్ర పట్టీ:
పెన్సిలిన్ పడదు.

"ఎవరు చెప్పారు?" అంది ఫార్మసిస్టు ఒలూచి.
"అమ్మ. నాకు నాలుగేళ్ళప్పుడు.
ఒళ్ళంతా దద్దుర్లట.
మా వీధి పిల్లలందరికీ తట్టు పోసిన ఏడాది."

ఆ ఒక్క 'ట' మీద
డెబ్బై ఏళ్ళు నడిచింది కాగితం,
ఫైలు నుంచి ఫైలుకి, చేతిరాత నుంచి కంప్యూటరుకి.
న్యుమోనియా వచ్చిన ప్రతిసారీ
అసలు మందు గుమ్మం దాకా వచ్చి తిరిగిపోయేది.
బదులు మందు ఒకసారి పేగుల్ని ఊడ్చేసి
మూడు వారాలు మంచాన పడేసింది.

ఇవాళ ఒక మాత్ర, గ్లాసుడు నీళ్ళు,
గంటసేపు కాపలా.
మొగుడి పడవ కోసం రేవులో చూసినట్టు
తన చేతినే చూస్తూ కూచుంది ఈనిడ్.
టీ బండి వచ్చింది, పోయింది.
దద్దురు మాత్రం రాలేదు.

కత్తెర కటుక్కుమంది.
పట్టీని చెత్తబుట్టలో వేయబోతే
"ఇలా ఇవ్వమ్మా" అని చెయ్యి చాచింది.
"మా అమ్మ అబద్ధం చెప్పలేదు."
"లేదు. భయపడింది."

సాయంత్రం సెలైన్ గొట్టంలో పెన్సిలిన్.
ఈనిడ్ మణికట్టు గోక్కుంటోంది.
ఒలూచి గబగబా వచ్చి దీపం వేసి చూసింది.
ఏమీ లేదు.
పట్టీ ఒరుసుకున్న చోటు, అంతే.