ఇనుము లేని గది

ఇసకపల్లి ఉప్పుమళ్ళ అంచున
ఈ గదికి ఇనప మేకు ఒక్కటీ లేదు.
ఇత్తడి గడియ, రాగి మేకులు, టేకు తలుపు.
లోపలికి పోయేముందు
తాళాల గుత్తి, ఫోను, జడపిన్నులు,
చివరికి కొంగుకు గుచ్చిన పిన్నీసు కూడా
దూరంగా, గోడ మీది సీసాలో వేసిపోతాను.

చెంచురామయ్య మాత్రం లోపలికి రాడు.
చిన్నప్పుడు పోలియో తిన్న కాలికి ఇనప పట్టీలు.
విప్పితే నడవలేడు.
నలభై అడుగుల అవతల సున్నం కొట్టిన రాయి,
అదే అతని హద్దు.

రాత్రి పదకొండుకి గీత ఒక్కసారి ఎగిరింది,
నిద్రలో గేదె ఉలిక్కిపడి తలెత్తినట్టు.
తర్వాత దిగడం.
యాభై. నూట ఇరవై. రెండొందల ఎనభై.
బయట ఆకు కదల్లేదు.
అల్లూరు దీపాలు ఎక్కడివక్కడే,
దూరాన రొయ్యల గుంటల్లో ఏరేటర్ల చప్పుడు.

"ఏందమ్మా దిగతా ఉండేది?" రాయి దగ్గర్నుంచి కేక.

పాతికవేల కిలోమీటర్ల పైన ఒక ఏరుంది, అన్నాను.
గట్లు లేవు, నీళ్ళు లేవు.
భూమిని చుట్టి పడమటికి పారే కరెంటు.
అది పొంగితే కింద మన అయస్కాంతం
కాస్త నీరసిస్తుంది.

"పెన్నేరు తూర్పుకి గదా పొయ్యేది!"

ఇది పడమటికే.

"ఏముండాది దాంట్లో?"

కొంత సూర్యుడు విసిరింది. కొంత మనదే,
మన గాలిలోంచి తప్పించుకుపోయిన ప్రాణవాయువు.

చాలాసేపు మాట లేదు.
"అయితే ఈ మళ్ళల్లో పోయినోళ్ళ ఊపిరి గూడా..."
అడగడం పూర్తి చెయ్యలేదు.
నేను అవుననలేదు. కాదనడానికి
నా దగ్గర లెక్క లేదు.

"ఎప్పుడు తగ్గుద్ది?"

పొంగడం గంటల్లో. ఇంకడం రోజుల్లో.

"ఉప్పుమడే గదా ఇంక!" అన్నాడు,
తెలిసిన ఊరు వచ్చినట్టు.

రెండూ నలభైకి
దిగిపోతున్న గీత మీద చిన్న గంటు.
నాలుగు నానోటెస్లాలు. మళ్ళీ మామూలే.
తలుపు తీస్తే గడప మీద టీ గ్లాసు,
హద్దు రాయి వైపు తిరిగి పోతున్న
కుంటి అడుగుల చప్పుడు.

మనుషులు పెట్టిన గంటుల్ని తీసెయ్యాలి, అది నియమం.
పొద్దున ఆఫీసుకి పంపిన లెక్కలో
తుఫాను ఒక్కటే ఉంది.
ఇక్కడి నోటుబుక్కు అంచున మాత్రం పెన్సిలుతో రాశాను:
2.40. చెంచురామయ్య. టీ.

కొంచెం ఉప్పగా ఉంది.
ఈ ఊళ్ళో నీళ్ళంతే.