రెండు పావు

సాయంత్రం ఆరుంబావుకి, బేరం మధ్యలో,
గాజుల ఖాజాబీ నోట్లో మాట ఆగిపోయింది.
కుడిచేతిలోని మట్టిగాజుల దండ జారింది,
గోనెపట్టా మీద పడింది కాబట్టి ఒక్కటీ పగల్లేదు.
చెయ్యి మాత్రం పడిపోయింది.

కాళేశ్వరరావు మార్కెట్ నుంచి సూర్యారావుపేటకి
రోడ్డు ఖాళీగా ఉంటే పది నిమిషాలు.
ఖాళీ రోడ్డు ఎప్పుడు చూశాం మనం?
అత్త తల ఒళ్ళో పెట్టుకుని అల్లుడు జానీబాషా
హారన్ పనిచెయ్యని ఆటోకి తానే హారనై
అరుచుకుంటూ వచ్చాడు.

స్కానింగులో కనపడింది.
మెదడు ఎడమవైపుకి పోయే నెత్తురు ఒక్కచోట నిలబడిపోయింది,
రైవస్ కాలువలో గుర్రపుడెక్క అడ్డంపడ్డట్టు.
ఇవతల పోటు, అవతల ఒట్టి బురద.
"గుండె మీది మలుపు వంకరగా ఉంది. తొడ దారి వద్దు,
మణికట్టులోంచి పోదాం" అన్నాడు డాక్టర్ నవకాంత్.
కుడి మణికట్టు.
పడిపోయిన ఆ చెయ్యే.

గాజులు తియ్యడం నా పని, నర్సుని కదా.
సబ్బునురుగు, చిన్న కత్తెర పక్కన పెట్టుకుని దుప్పటి తొలగించాను.
తియ్యడానికేం లేదు.
ఆయన పోయాక పందొమ్మిదేళ్ళుగా ఏమీ లేదట.
వన్‌టౌన్ అంతటి చేతులూ మోగించిన మనిషికి
బాకీ చీటీలకి చుట్టే రబ్బరుబ్యాండు ఒకటి, అంతే.

ఆ రబ్బరుబ్యాండుని బట్టి గుర్తుపట్టాను.
ఇంటర్ పరీక్షలైన వేసవి. అమ్మ, నేను, ఆ గోనెపట్టా.
ఆమె కొలత చూడలేదు. నా బొటనవేలి మొదట్లో నొక్కి
"రెండు పావు" అంది.
నేను భయపడి పిడికిలి బిగించాను.
"చెయ్యి వదులు పిల్లా, ముడుచుకుంటే గాజు ఒప్పుకోదు.
ఇంట్లో ఇవ్వాళ ఏం కూర?"
బొమ్మిడాయల పులుసు అని చెప్పేలోపు
గాజు ఎముక దాటేసింది.

ఇప్పుడు డాక్టరు సూది గుచ్చి, మందు ఎక్కించి
"నాళం ముడుచుకుంటే ఒప్పుకోదు. వదులవనీ" అని ఆగాడు.
ఆ మాట నేను ముందే విన్నానని ఎవరికి చెప్పను?

తీగ. తీగ మీద గొట్టం. మోచెయ్యి. చంక. భుజం.
తెరమీద ఒక వెంట్రుక నడుస్తోంది.
మెడ ఎక్కే మలుపులో రెండుసార్లు జారింది.
మూడోసారి నిలిచింది.
పీల్చారు. రాలేదు.
మళ్ళీ పీల్చారు.
గాజుగుడ్డ మీద పెట్టి చూపించాడు,
మిరపకాయ తొడిమంత, నల్లెరుపు.
ఇంతేనా!
ఒక మనిషి మాటలన్నీ దీని వెనకా నిలబడింది?

మణికట్టుకి ప్లాస్టిక్ పట్టీ కట్టాం, అద్దంలా ఉంటుంది,
లోపలి గాలి నొక్కిపెడితే నెత్తురు కారదు.
కొంచెం కొంచెంగా గాలి తియ్యాలి.
తీస్తే ఊరింది. మళ్ళీ నింపాను.
అందుకే తెల్లారేదాకా ఉండిపోయింది అది.

రాత్రి రెండింటికి వేళ్ళు కదిలాయి.
నీ పేరేంటమ్మా?
"గాజు."
ఇదేంటి? పెన్ను చూపించాను. "గాజు."
అల్లుడి పేరూ గాజే.
అతను పగలబడి నవ్వాడు,
మెట్లమీద కూర్చుని ఏడ్చాడని తర్వాత వాచ్‌మన్ చెప్పాడు.

తెల్లవారుజామున నాడి చూద్దామని చెయ్యి పట్టుకుంటే
ఆమే నా చెయ్యి పట్టుకుంది.
డ్యూటీలో మాకు గాజులు కూడదు. బోసి చెయ్యి.
బొటనవేలి మొదట్లో నొక్కింది.
బలం చాలక ఇంకోసారి నొక్కింది.
"రెండు... పావు."

ఇద్దరు పిల్లలు, పదేళ్ళ నైట్ డ్యూటీలు,
ఇప్పుడు నాది రెండున్నర.
అవునని తలూపాను.

అప్పుడు చూసుకుంది తన మణికట్టుని.
ఎడమచేత్తో ఆ చేతిని మెల్లగా ఎత్తి, చెవి దగ్గర పెట్టుకుని
ఒకసారి ఆడించింది.
"మోగదే" అంది.