క్రియ చివర

కోర్టు గేటుకి ఎదురుగా, జిరాక్స్ మిషను పక్కన నా బల్ల.
పర్లాకిమిడిలో అఫిడవిట్లు టైపు చేస్తాను
మూడు భాషల్లో, పేజీకి ఇరవై.
షట్టరు సగం దించాక నాలుగోది నేర్చుకుంటున్నాను.
దాని పేరే ఫోర్త్. నాకు నవ్వొచ్చింది.

మొదటి రాత్రే చుట్టరికం కలిసింది:
రెండు, మూడు, కలుపు అంటే కలిపేస్తుంది.
ఇది తలకిందుల భాష అని ఎవరో రాశారు.
ఎవరికి తలకిందులు?
తెలుగులోనూ ఒడియాలోనూ
క్రియ ఎప్పుడూ ఆఖర్నే కదా వస్తుంది,
సామాన్లన్నీ దిగాక దిగే ఇంటి పెద్దలా.
ఇక దొంతరంటారా, గుణుపురం బస్సే:
చివర ఎక్కి ఫుట్‌బోర్డు మీద వేలాడినవాడు
ముందు దిగుతాడు.

అక్కడితో ఆగాల్సింది.
లోపల ఏముందో చూడబోయాను.

నిఘంటువంటే అకారాది అనుకున్నాను. కాదు.
ప్రతి మాటా తనకంటే ముందు పుట్టిన మాట
కొంగు పట్టుకుని చీకట్లో నిలబడి ఉంది.
వెతుకులాట నిన్న పుట్టినదాని దగ్గర మొదలై
వెనక్కి, వెనక్కి.
ఒక మాటకి కొత్త అర్థం రాశాను.
పాతది చెరగలేదు;
దాన్ని నమ్ముకుని అప్పటికే కట్టిన మాటలు
ఇంకా పాతదాన్నే పిలుస్తున్నాయి.
నా తప్పేనని గంటసేపు వెతికాను.
అప్పుడు దుక్క గౌరయ్య గుర్తొచ్చాడు,
మొన్న అడ్రసు చెప్తూ:
"జిల్లా గంజాం అని రాయి, పాపా."
గజపతి కదా తాతా, ముప్పై ఏళ్ళు దాటింది.
"నీ కాయితంలో ఏటైనా రాసుకో.
నాను పుట్టినపుడు గంజామే."

ఇదంతా బ్రౌజరులో నడవాలి. అడుగున వెబ్‌అసెంబ్లీ.
అదీ దొంతర మనిషేనంటారు గానీ
పైదానికి ఇంకో నకలు తియ్యమంటే రాదు,
జిరాక్స్ షాపులో పుట్టలేదు పాపం.
గోడలు దూకనివ్వదు:
గది బయటికి పో, లేదా తిరుగుడు మొదటికి రా,
అంతే దారి.
అందుకని నా దొంతర నేనే కట్టుకున్నాను
అరవైనాలుగు కిలోబైట్ల పేజీలో,
ఎక్కడిదాకా పేర్చానో గుర్తుకి ఒక్క అంకె.

కొత్త మాట పుట్టినప్పుడల్లా
దానికో చిన్న మాడ్యూలు, బైటు తర్వాత బైటు పేర్చి
గుమ్మం బయట కూర్చున్న జావాస్క్రిప్టుని పిలవాలి:
బాబూ, దీనికి కాస్త ప్రాణం పొయ్యి.
అది పట్టికలో నంబరిస్తుంది.
ఆ తర్వాత పేరుతో పనిలేదు, కోర్టులోలాగే.

పదకొండు రాత్రులు పోయింది మాత్రం నిడివి దగ్గర.
ఒళ్ళు ఎంతో ముందే రాయాలి, ఒళ్ళింకా పుట్టలేదు.
అఫిడవిట్లో తేదీకి వదిలినట్టు
ఒక బైటు ఖాళీ వదిలాను.
చిన్న మాటలు బతికాయి, పెద్దవన్నీ పురిట్లోనే పోయాయి.
బైటులో ఏడు బిట్లే అంకెకి,
ఎనిమిదోది "ఇంకా ఉంది" అని చెప్పడానికట.
నూట ఇరవై ఏడు దాటితే నా ఖాళీ చాలదు.
ఐదు వదిలాను.
ఇప్పుడు చిన్న మాటలు కూడా
ఇంకా ఉంది, ఇంకా ఉంది అని సున్నాలు మోస్తూ
చివరి బైటు దగ్గరే ఊపిరి వదులుతాయి.
వృథానే. నాకెందుకో నచ్చింది.

నిన్న రాత్రి రుసుము అని ఒక మాట కట్టాను.
పన్నెండు పేజీలు పెట్టి, రుసుము అన్నాను.
రెండువందల నలభై, పక్కనే చిన్నగా ఓకే.
ఎవరికైనా చూపించాలని
సుచిస్మితకి ఫోన్ చేయబోతుంటే
మహేంద్రతనయ వైపునించి గాలి లేచి
కరెంటు పోయింది.
నిఘంటువంతా జ్ఞాపకంలోనే ఉంది, కాగితం మీద లేదు.

పొద్దున్న గౌరయ్య వేలిముద్రకి వస్తాడు.
అతని కాయితం రెండుసార్లు ప్రింటు తీయాలి.
జిల్లా దగ్గర ఏం రాయాలో
ఇంకా తేల్చలేదు.