మడత చాకు

నలభైది, తొంభైది, నూటయాభైది.
శ్రీకాకుళం ఏడురోడ్ల దగ్గర, గోనెపట్టా మీద
మూడు ధరలు పరిచి కూర్చున్నాడు తవిటయ్య.

నాకు కావలసిన పని చిన్నది.
తెల్లారగట్ల నాలుక్కి వ్యాను విసిరేసి పోయే
పేపరు కట్టల తాళ్ళు తెగాలి.
పాత బ్లేడు ముక్క మొన్నటి వానకి కాలవలో పడింది.
రెండ్రోజులుగా పళ్ళతో కొరుకుతున్నాను,
నాలిక మీద ఇంకా ప్లాస్టిక్ రుచి.

ఇత్తడి పిడిది ముందు చేతికొచ్చింది. మెరుస్తోంది.
తెరిస్తే అలుగు అటూ ఇటూ ఊగింది
కదిలిన పన్నులా.
ఎర్ర పిడిది మరీ బిగువు.
మంచుపొద్దున మొద్దుబారిన వేళ్ళకి
అది లొంగదు.

"పదునుదేటుంది బాబూ, ఏ రాయి మీదైనా వొస్తాది.
మూసి సూడు ముందు.
మూసుకోని సాకు జేబులో ఎట్టుకుంటావేటి?"

కర్ర పిడిది మూశాను.
సైకిలు స్టాండు పడ్డట్టు టక్కుమంది.
కీలు దగ్గర మేకు లేదు, మర ఉంది,
వదులైతే నేనే బిగించుకోవచ్చు.

తొంభై అన్నాడు, ఎనభై అయిదు ఇచ్చాను.
"ఆ అయిదుకీ రేపటి పేపరు ఇచ్చీ."
"చదువుతావా?"
"సాకులు సుట్టడానికి."

మర్నాడు మొదటి కట్ట.
పళ్ళకి అలవాటైన బలమంతా పెట్టేశాను,
తాడు దాటి బొటనవేల్లోకి దిగింది.
పేపరు అంచు చింపి చుట్టుకున్నాను.

అతని కోసం దాచిన ప్రతి మూలన
గోరంత ఎర్ర మరక.
తవిటయ్య దాన్నీ, నా వేలినీ చూశాడు.
"తర్వాత మూసినావా?" అన్నాడు.