మూత తియ్యొద్దంట

నల్లగొండ ప్రకాశం బజార్ల, మిక్సీల దుకాణంల
మూడు మాట్ల తిరిగిన దానిచుట్టు.
నల్లటి మట్టిగిన్నె, అద్దం మూత,
తిప్పనీకి ఒక్కటే మర: తక్కువ, ఎక్కువ, వెచ్చగ.
నాలుగువేల రెండొందలు.
"రాత్రి పెట్టి పండుకోండి మేడం,
పొద్దుగాల వరకు అదే అయితది, ఎనిమిది గంటలు.
నడుమల మూత మాత్రం తియ్యొద్దు,
తీసినప్పుడల్ల ఇరవై నిమిషాలు ఎనక్కి పోతది"
అన్నడు పోరడు, ఇస్త్రీపెట్టెల మధ్యల నిలబడి.

ఎనిమిది గంటలు.
నా డ్యూటీ గూడ అంతే, కాయితం మీద.
నాలుగుంబావుకు డిపోల సంతకం,
మిషను మెడలేసుకొని దేవరకొండ బండి,
మల్లేపల్లి వచ్చేసరికి జీరో టికెట్లే డెబ్బై.
ఇంటికొచ్చి పొయ్యి ముట్టిస్తే
మా బోరు నీళ్లల్ల కందిపప్పు ఉడకదు.
ఆరు విజిల్లు. ఎనిమిది. పది.
ఎంత మొత్తుకున్నా లోపటికి జరగకుండ
ఫుట్‌బోర్డు మీదనే నిలబడే పిలగాని లెక్క
గింజ గింజకు అంత పొగరు.

షాహీనక్క కొన్నది పోయినేడు.
రాత్రి పాయా ఏస్తే సహరీకి
బొక్కను ఇడిసి మాంసం దానంతటదే దిగుతదంట.
"తాళింపు మాత్రం దాంట్ల రాదే,
అది నీ మొహం నువ్వే మాడ్చుకోవాలె" అని నవ్వింది.

రెండొందల వాట్లు, ఎనిమిది గంటలు:
యూనిటున్నర దాటుతది.
నెలకు నాలుగు మాట్లు ఏసుకుందాం.
గ్యాసు మిగులుడు ఒక దిక్కు, కిస్తీ ఒక దిక్కు.
సింగిల్ సింగిల్‌కు లెక్క దించే చెయ్యి నాది,
గీ లెక్క మాత్రం తెగలే.

మా అవ్వ దాలిల పాలకుండ పెట్టి చేనుకు పోయేది.
పొద్దూకేసరికి ఎర్రటి మీగడ, ఏలెడు మందం.
పైసా ఖర్చు లేదు, ఎవ్వరు కావలి లేరు
అని చెప్పుకుంటం ఇప్పుడు.
ఉన్నరు కావలి. పిల్లి రాకుండ
కట్టె పట్టుకొని దాలి పక్కన నేనే కూసున్న.
మూడో తరగతిల ఎక్కాలు పన్నెండు కాడనే ఆగినయి నాకు.

కాళ్ల శోర్వ తాగిస్తే బొక్క అతుకుతది అంటరు
చూడనీకి వచ్చినోళ్లంత.
వండేదెవరో ఒక్కరు చెప్పరు.
మూడు నెలలాయె లింగస్వామికి
టిప్పర్ మీదికెళ్లి పడి, కాలుల రాడేసి.
కుర్చీల కూసొని, ఇంకో కుర్చీ మీద కాలు పెట్టి
పొద్దంత టీవీ. కుర్చీకి పొయ్యికి నడుమ
ఏడు బండలు. నేను లెక్కపెట్టిన.
మంట తగ్గించుమని నేను అడగలే.
తగ్గించాల్నా అని ఆయన అడగలే.

అప్పుడు తెల్సింది నాకు, ఆ దుకాణంల,
నాలుగువేల రెండొందలు దేనికో.
ఒక్క మాట అడగకుండ ఉండనీకి.
అగ్గువనే అనుకోవాలె.

"ప్యాక్ చెయ్యమంటరా మేడం?"
"రాత్రి కరెంటు పోయి మళ్లొస్తే
దానంతటదే మొదలైతదా,
లేసి మళ్ల మర తిప్పాల్నా?"
పోరడు డబ్బా అటు తిప్పిండు, ఇటు తిప్పిండు,
కంపెనీకి ఫోన్ కొట్టి చెవికి పెట్టుకున్నడు.
అవుతల ఏదో పాట. మనిషి రాలే.
ఎల్లుండి చెప్త అన్నడు.

బస్టాండుకొచ్చి, సంచిల చిల్లర సదురుకుంట,
ఒక టికెట్ ఎనక ధర రాసుకున్న మర్చిపోతనని.
రాసి, అలవాటు కొద్ది, చుట్టు గీత గీసిన.
చుట్టి రాస్తే మా కండక్టర్ల లెక్కల
ఇయ్యాల్సిన బాకీ.
ఎవరు ఎవరికన్నది రాయలే.

ఇంటికి పోయి కాళ్లు కాల్చి, కడిగి, కుండకెత్తి
స్టవ్ మీద పెట్టిన.
మంట పెద్దగనే ఉంచి
నీళ్లు పట్టనీకి బయటికి పోయిన.
బిందె నిండినా రాలే.
లోపట కుర్చీ ఒకటి, బండ మీద, కిర్రుమన్నది.