ఇరవై నిమిషాల కాపలా

పర్లాకిమిడిలో
లోకనాథ మహారణా ఇంటి గూట్లో
ఒక కొమ్ము కొంగ ఉంది.
దున్నపోతు కొమ్ముతో వాళ్ళ తాత చేసింది.
మహేంద్రతనయ రెండుసార్లు గడప దాటి వచ్చినా
ఒంటికాలి మీదే నిలబడి తడిసింది.
ముక్కు కొన మాత్రం వడ్లగింజంత విరిగింది.

కొమ్ము కూడా మాంసకృత్తే, అన్నాను ఆయనతో,
బరంపురం పెద్దాసుపత్రి మూడో అంతస్తు మెట్ల మీద,
వేరే మాట మొదలుపెట్టే ధైర్యం లేక.
గోరూ అదే. జుట్టూ అదే.
మీ కార్జంలో పనిచేసేవీ అవే.

"చచ్చినాకే కదమ్మా కొమ్ము నా చేతికొస్తాది" అన్నాడాయన.
"అందుకే అన్నేళ్ళు నిలుస్తాది."

నా పని మైనపు దిమ్మల్ని కోయడం.
ఉల్లిపొర కన్నా పల్చగా మనిషిని కోసి
గాజు మీద పరవడం, రంగు వేయడం.
స్నిగ్ధా మేడం పరిశోధనలో ఆయన నెంబరు నలభై ఒకటి.
అంతకు మించి నాకు తెలియకూడదు.
కానీ ఫారం మీద ఊరి పేరు చదివాను,
మా అమ్మమ్మ దువ్వెన ఆ వీధిలో కొన్నదే.

ఎలా చెప్పను మీకు, లోకనాథ గారూ,
కార్జంలో ప్రతి కణానికీ ఒక కాపలావాడుంటాడని,
వాడు పుట్టగానే ఇంకొకడు రెక్క పట్టుకుని
వీపున చీటీ అంటించి
మరమిల్లుకి తోలేస్తాడని.
ఇరవై నిమిషాలు, అంతే వాడి ఆయుష్షు.
వాడి వెనక ఇంకొకడు. వాడికీ ఇరవయ్యే.
ఏ అగ్గీ లేని రోజున
ఇంతమందిని పుట్టించి చంపడం దేనికని
నేనూ అడిగాను చదువుకునే రోజుల్లో.

అగ్గి వస్తుంది.
బూజు పట్టిన వేరుశనగ తిన్న రాత్రి,
సారా తాగిన రాత్రి,
ఇనుముకి పట్టే తుప్పు లాంటిదే లోపల లేస్తుంది.
రెక్క పట్టుకున్నవాడి గంధకపు వేళ్ళు ముందు కాలతాయి,
పట్టు సడలుతుంది.
చీటీ పడని కాపలావాడు నడిగదిలోకి దూకి
గంట కొడతాడు. బిందెలు పరిగెత్తుతాయి.
ఆరాక
మళ్ళీ రెక్క, మళ్ళీ చీటీ, మళ్ళీ మిల్లు.
చావడం కూడా వాడి కొలువులో భాగమే.

మీ స్లైడులో వాడు చావలేదు.
నడిగదులన్నీ ముదురు గోధుమ రంగు,
మీరు కొమ్ముకి మెరుగుపెట్టాక వచ్చే రంగే.
రెక్క పట్టుకునేవాడి వేళ్ళు
పుట్టుకలోనే వంకరపోయాయి.
వాడు కూర్చుండిపోయాడు లోపల.
పగా లేదు వాడికి, లంచమూ లేదు,
ఎవరి గుమ్మం ముందు నిలబడితే వాళ్ళని కాస్తాడు.
ఇప్పుడు కాస్తున్నది గడ్డని.
మేం పోసే మందు కూడా వాడి కంటికి అగ్గే,
బిందెలతో వస్తాడు.

ఇందులో పావు వంతు చెప్పాను.
ఆయన కాసేపు గోళ్ళు చూసుకున్నాడు.
"మరి దిగిపోరా అని వాడికెవరూ చెప్పలేరా?"
చెప్పడానికి చూస్తున్నారు, అన్నాను.
ఎక్కడ, అనలేదాయన. ఎప్పటికి, అనలేదు.
బొగ్గు సెగ మీద కొమ్ము ఎంతసేపు ఉంచాలో చెప్పాడు.
ఎనిమిదికి తీస్తే విరుగుతాది, పన్నెండుకి మాడతాది.
మధ్యలో ఎక్కడో
కొమ్ముకి తను కొమ్మునన్న సంగతి గుర్తుండదట,
అప్పుడే మెడ వంచాలట.
గుణుపురం బండికి వేళయిందని లేచాడు.
మెట్లు దిగుతూ ఒక్కసారి కుడిపక్కన చెయ్యి ఆనించుకున్నాడు.

ఈ రాత్రి నలభై రెండో నెంబరు.
స్లైడుని వేడినీళ్ళలో ఉంచితేనే
గడ్డకట్టిన మాంసకృత్తు ముడి విప్పి రంగుకి లొంగుతుంది.
టైమరు పెట్టాను, ఇరవై నిమిషాలు.
గది నిండా తడి ఆవిరి, ఎక్కడిదో కాలిన జుట్టు వాసన.
కుర్చీలో కూర్చుని
ఒకటి నుంచి లెక్కపెట్టడం మొదలుపెట్టి
తొమ్మిది దగ్గర ఆగిపోయాను.